బీరువాలో పాప

మా సెక్టారులో నా బీరువాకు ఒక పేరుండేది. మెదక్ పట్టణంలో ఒకే వాడలో ముప్ఫై ఏళ్ళకు పైగా అంగన్‌వాడీ టీచరుగా చేశాను. సెంటరు మూడు అద్దె ఇళ్ళు మారింది కానీ బీరువా మారలేదు. కొత్తగా ఎవరైనా పనిలో చేరితే సూపర్‌వైజర్ మేడం వాళ్ళను నా దగ్గరికి పంపేది. "పోయి ఆమె బీరువ చూడుండ్రి, సామాను ఎట్ల పెట్టుకోవాల్నో తెలుస్తది" అనేది. ఎప్పుడో ఇచ్చిన చెక్క దిమ్మెలు ఇచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. పూసల చట్రానికి ప్లాస్టిక్ కవరు కూడా ఊడదీయలేదు. రబ్బరు బంతుల్లో గాలి మాత్రం దానంతటదే పోయింది, అందులో నా తప్పేమీ లేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు చదువుతారనే రాస్తున్నాను, మీ బీరువాలు కూడా ఇలాగే ఉంటాయని నాకు తెలుసు. బొమ్మ పోయినా, విరిగినా జవాబు చెప్పుకోవలసింది మనం. పిల్లలు ఆడుకోలేదని మాత్రం ఏ ఆఫీసరూ ఇంతవరకు మెమో ఇచ్చినట్టు వినలేదు. అందుకే తనిఖీ రోజున బొమ్మలు కిందికి దిగుతాయి, జీపు మలుపు తిరగగానే మళ్ళీ పైకెక్కుతాయి. పిల్లలకూ అది అలవాటైపోయింది. నేను బీరువా తాళం తీస్తుంటే "ఇయ్యాల సార్లొస్తరా టీచర్?" అని అడిగేవాళ్ళు.

ఆ బీరువాలో దాచిన ఒక బొమ్మ వల్ల నాలుగేళ్ళ పిల్ల ఒకతి నన్ను నమ్మడం మానేసింది. నా ఉద్యోగంలో నాకు శాలువాలు కప్పారు, సన్మానాలు చేశారు. ఆ పిల్ల నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, రోజంతా మాట్లాడేందుకు ఎవరూ ఉండరు కాబట్టి జరిగింది జరిగినట్టు గుర్తుచేసుకోవడానికి బోలెడంత తీరిక.

తూప్రాన్ అవతల ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు అంగన్‌వాడీలకు ఆట వస్తువులు పంచారు. అందరికీ బంతులు, పజిళ్ళు వచ్చాయి. నా బీరువాకున్న పేరు వల్ల కాబోలు, అన్నిటికన్నా ఖరీదైన బొమ్మ నాకు దక్కింది. అది పసిపాప బొమ్మ. మామూలు ప్లాస్టిక్ బొమ్మ కాదు. చర్మం మెత్తగా ఉండేది, గోళ్ళు కూడా ఉండేవి. పడుకోబెడితే కళ్ళు మూసుకునేది, ఊపిరి తీసినట్టు ఛాతీ పైకీ కిందికీ ఆడేది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే మూలిగి, తరువాత ఏడుపు అందుకునేది. భుజాన వేసుకుని వీపు తడితే వెక్కుతూ వెక్కుతూ ఊరుకునేది. పాలసీసా నోట్లో పెడితే చప్పరించేది.

మా ఆయమ్మ, అంటే వంటా ఊడ్పూ అన్నీ చూసుకునే నా తోటి మనిషి, మొదటిసారి ఆ ఏడుపు విని గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఓ అమ్మో, టీచరమ్మా, ఎవరి పొల్లనే గిది? పాలకు ఏడుస్తున్నట్టుంది" అంది. బొమ్మ అని చెబితే నమ్మలేదు. నమ్మాక కూడా మధ్యాహ్నం నేను చూడనప్పుడు దాని అరికాలికి కాటుక చుక్క పెట్టింది, దిష్టి తగులుతుందని. నేను తడిగుడ్డతో ఆ చుక్క తుడిచేసి ఆయమ్మను కసిరాను. స్టాకు వస్తువు మీద కాటుకేమిటని నా బాధ.

బొమ్మ వచ్చిన అట్టపెట్టెకు ముందువైపు పారదర్శకంగా ప్లాస్టిక్ ఉండేది. తెల్లగుడ్డ మీద పాప పడుకున్నట్టే కనిపించేది. బొమ్మను ఆ పెట్టెలోనే ఉంచి, బీరువా పై అరలో, అద్దం తలుపుల వెనుక నిలబెట్టాను. తాళం వేశాను. వచ్చే పోయే వాళ్ళకు కనబడుతుంది, పిల్లల చేతికి అందదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిల్లలు పాడు చేస్తారని దాచాను అన్నది సగం నిజం. మిగతా సగం ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నా పెళ్ళయిన నాలుగో ఏటనే మా ఆయన పోయాడు. పిల్లలు లేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చుట్టూ పాతికమంది పిల్లలు, ఒళ్ళో ఇద్దరు, కొంగు పట్టుకుని ఇద్దరు. నాలుగు గంటలు కాగానే ఒక్కొక్కరి తల్లీ వచ్చి ఒక్కొక్కరిని ఎత్తుకుపోయేది. ఆయమ్మ కూడా గిన్నెలు బోర్లించి వెళ్ళిపోయేది. అప్పుడు నేను తాళం తీసి, బొమ్మకు సెల్లులు వేసి, భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడేదాన్ని. పనిచేస్తుందో లేదో చూడాలి కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. రోజూ చూసేదాన్ని. వీపు మీద సెల్లుల మూతకు చిన్న స్క్రూ ఉండేది, ప్రతిసారీ విప్పడం ఎందుకని దాన్ని ఏనాడో తీసి పారేశాను. పాప ఏడుపు ఆపాక మళ్ళీ సెల్లులు తీసేసి, పెట్టెలో పెట్టి, తాళం వేసి ఇంటికి వెళ్ళేదాన్ని. ఇంట్లో నా కోసం ఏడ్చేవాళ్ళెవరూ లేరన్న సంగతి ఆ కాసేపు గుర్తుండేది కాదు.

ఇక ఆ పిల్ల సంగతి. తండ్రి రామాయంపేటలో మెకానిక్ షెడ్డులో పనికి పోయేవాడు, తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. బొమ్మ రావడానికి నెలరోజుల ముందు ఆ తల్లికి ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. తండ్రి ఒకసారి ఈ పెద్దపిల్లను ఎత్తుకుని కిటికీలోంచి చెల్లెలిని చూపించాడట. మూడో రోజు హైదరాబాదు తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సు తూప్రాన్ దాకా పోయి వెనక్కి తిరిగింది. ఆ మరణం రిజిస్టరులో రాసింది నేనే. పేరు గడిలో ఏమీ రాయడానికి లేకపోయింది, పురుడు చేసి పేరు కూడా పెట్టని బిడ్డ.

అప్పటికి నాకు తెలియనిది ఒకటుంది. మన దగ్గర పెద్దవాళ్ళు అంటుంటారు కదా, పేరు పెట్టని బిడ్డకు ఏడుపేంది, ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు అని. ఆ ఇంట్లో నాయనమ్మ అదే మాట అంది. తల్లిని ఏడవనివ్వలేదు. పెద్దపిల్ల చెల్లె ఏదని అడిగితే "దవాఖానల అద్దాల పెట్టెల ఉంది, బరువు పెరిగినంక ఇంటికి తెస్తం" అని చెప్పి ఊరుకోబెట్టారు.

బొమ్మ వచ్చిన రెండో రోజు నుంచి ఆ పిల్ల బీరువా కింద చోటు పట్టింది. ఆటకు పిలిస్తే వచ్చేది, అయిపోగానే మళ్ళీ అక్కడికే. లొల్లి లేదు, ఏడుపు లేదు. నాకు చెప్పిన మాట వినే పిల్లలంటే ఇష్టం, అందుకని నాకూ ఆమె మీద ముద్దు పెరిగింది. మధ్యాహ్నం నిద్రపోయే వేళ నా ఒళ్ళోకి వచ్చి పడుకునేది. నా చెయ్యి తీసి తన కళ్ళ మీద పెట్టుకునేది.

ఒకరోజు అలా పడుకునే అడిగింది. "టీచర్, పాప పెట్టెలకెల్లి ఎప్పుడొస్తది?"

పిల్లల ప్రశ్నలకు మన దగ్గర తయారుగా జవాబులుంటాయి. మన వృత్తిలో అన్నిటికీ మందు ఒకటే కదా. "బరువు పెరగాలె బిడ్డా. బరువు పెరిగినంక ఇస్త" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. అంతకు ముందు ఇంట్లో విన్న మాటే నా నోట కూడా విన్నది. ఇక అనుమానం ఎందుకుంటుంది?

వారం రోజులకు ఆయమ్మ చీపురు పట్టుకుని నా ముందు నిలబడింది. "టీచరమ్మా, బీరువ కింద మస్తు చీమలు. గుడ్డు ముక్కలున్నయ్. ఎవరో పొల్ల గుడ్డు తింటలేదు, ఆడ వారేస్తుంది" అంది. ఎవరో కనిపెట్టే ఓపిక నాకు లేదు. అందరినీ కలిపి గదమాయించి, చీమల మందు సుద్దతో బీరువా చుట్టూ గీత గీశాను. నెలాఖరుకు తూకాలు చూస్తే ఆ పిల్ల బరువు తగ్గింది. ఎదుగుదల చార్టులో ఆకుపచ్చ గీతలో ఉన్నది పసుపులోకి జారింది. తల్లిని పిలిపించి నాలుగు మాటలన్నాను. ఆమె తలవంచుకుని, "ఇంట్ల మంచిగనే తింటుంది మేడం. ఈడ గుడ్డు తింటలేదా?" అంది. "ఇక్కడ నా కండ్ల ముందట తింటది, నేను చూస్త కద" అన్నాను. చీమలు ఒకవైపు, తూకం ఒకవైపు, ఆ పిల్ల మధ్యలో కూర్చుని ఉంది. ఈ మూడింటినీ కలిపి చూసే తెలివి నాకు రాలేదు.

ఆ తరువాత జిల్లా ఆఫీసరు మేడం వస్తున్నారని కబురొచ్చింది. ఆటల ద్వారా చదువు ఎలా చెబుతున్నారో చూస్తారట, ఫోటోలు తీస్తారట. తెల్లారి బీరువా తాళం తీశాను. దిమ్మెలు దిగాయి, పూసలు దిగాయి, సెల్లులు వేసుకుని పాప కూడా దిగింది. పాపను ఎవరి చేతికివ్వాలా అని చూశాను. మిగతావాళ్ళు కాళ్ళు పట్టి లాగుతారు. ఈ పిల్లయితే నెమ్మదస్తురాలు, పాడు చేయదు. అందుకే ఆమెకిచ్చాను.

ఆ పిల్ల ముందు తన రెండు చేతులూ గౌనుకు తుడుచుకుంది. ఒక చెయ్యి మెడ కింద పెట్టి, ఒక చెయ్యి నడుము కింద పెట్టి అందుకుంది. అలా పట్టుకోవాలని ఎవరు నేర్పారో తెలియదు. పాప ఏడవడం మొదలుపెట్టింది. భుజాన వేసుకుని తట్టింది. "ఊకో చెల్లే, ఊకో. ఇంటికి పోదాం. అమ్మ పాలిస్తది" అంది. పాప ఊరుకుంది. నేను రోజూ కిటికీ దగ్గర ఎంతసేపో తడితే గానీ ఊరుకోనిది, దాని చేతుల్లో ఇట్టే ఊరుకుంది. నాకు ఎక్కడో చురుక్కుమంది. యంత్రం యంత్రమే, ఎవరి చేతుల్లోనైనా ఒకటే అని తెలుసు. తెలిసినా చురుక్కుమంది.

ఆఫీసరు మేడం మురిసిపోయారు. "ఎంత బాగా ట్రైనింగ్ ఇచ్చారు టీచర్!" అని ఫోటో తీయించారు. సూపర్‌వైజర్ మేడం నన్ను చూసి కళ్ళతోనే మెచ్చుకుంది. జీపు వెళ్ళిపోయింది. నేను అలవాటు ప్రకారం సామాను సర్దడం మొదలుపెట్టాను. అన్నీ పైకెక్కాయి, పాప తప్ప.

"ఇగ ఇయ్యి బిడ్డా" అన్నాను.

"ఇయ్య" అంది.

ఆ పిల్ల నోట ఆ మాట అంతవరకు నేను వినలేదు. అప్పటికే చెప్పులేసుకుంది. పాపను గుండెకు అదుముకుని గుమ్మం వైపు నడుస్తోంది. "బరువు పెరిగింది. ఇంటికి తీస్కపోత" అంది.

"టీచరమ్మా, జరసేపు ఉండనియ్యరాదే. దాని మొఖం చూడు" అంది ఆయమ్మ, వంటగది గుమ్మంలోంచి.

నేను ముఖం చూడలేదు. స్టాకు వస్తువు గుమ్మం దాటుతోందని చూశాను. ఆ పైన నాకు కోపం కూడా వచ్చింది. ఏం కోపమో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. నాలుగు గంటలకు నా దగ్గర ఉండేది అదొక్కటే, అది కూడా ఎవరో ఎత్తుకుపోతున్నారని. రెండడుగుల్లో వెళ్ళి లాక్కున్నాను. ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయవలసి వచ్చింది. లాగుడుకు పాప గట్టిగా ఏడుపందుకుంది. నేను అక్కడే పీట మీద కూర్చుని, పాపను మోకాళ్ళ మీద బోర్లా వేసి, గౌను పైకెత్తి, మూత తీసి, సెల్లులు అరచేతిలోకి దులిపాను. ఏడుపు సగంలో తెగిపోయింది.

ఆ పిల్ల నాకు జానెడు దూరంలో నిలబడి ఉంది. నా అరచేతిలోకి చూసింది. కదలని పాపను చూసింది. ఏడవలేదు. గోడ దాకా వెనక్కి నడిచి అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి దాని కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయి. నాలుగేళ్ళొచ్చినా ఇంకా ఇదేంటని దానికీ కసిరాను. ఆయమ్మ వచ్చి దాన్ని ఎత్తుకుపోయి కడిగింది. నేను పాపను పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి హాయిగా అన్నం తిన్నాను. తనిఖీ బాగా జరిగిందన్న సంతోషం. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మూడు రోజులు ఆ పిల్ల రాలేదు. నాలుగో రోజు ఆయమ్మను పంపాను. తిరిగొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"టీచరమ్మా, నీకు కోపమొస్తే రానీ, చెప్త. ఆ పొల్లకు జ్వరం. ఏమంటుందో ఎర్కనా? రోజు చెల్లెకు గుడ్డు పెట్టిన, బరువు పెరిగింది, ఇంటికి తెస్తుంటె టీచర్ గుంజుకొని సంపింది అంటుంది. ఆళ్ళు దానికి చెప్పనే లేదట, చెల్లె పోయిందని."

ఆయమ్మ చెప్పడం అయిపోయింది. చీమలు, తూకం, పెట్టె, బరువు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పాపను తీసి, సెల్లులు వేసి, చేతిసంచీలో పెట్టుకుని వాళ్ళింటికి బయలుదేరాను. బతికే ఉన్న పాపను చూపిస్తే ఆ పిల్ల ఊరుకుంటుందని నా ఆలోచన. ఒక తప్పును సరిచేయడానికి మనం ముందుగా చేసేది ఇంకో తప్పు.

ఆ పిల్ల నాయనమ్మ చేగుంటలో కూతురి దగ్గరికి వెళ్ళింది. తల్లి ఒక్కతే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆ పిల్ల చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా గొంతు వినగానే లేచి తల్లి వీపు వెనకకు వెళ్ళిపోయింది. నన్ను చూసి దాక్కున్న పిల్లను నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం.

నేను కింద కూర్చుని సంచీలోంచి పాపను తీశాను. పాప ఏడ్చింది. "చూడు బిడ్డా, పాపకు ఏం గాలే. మంచిగుంది" అన్నాను. తల్లి భుజం పక్క నుంచి ఒక కన్ను కనిపించింది. ఆ కన్ను ఒక్క క్షణం వెలిగింది. అంతలోనే తల్లి చెవిలో చెప్పింది, నాకు వినబడేలాగానే. "మల్ల తీస్తది."

పాప ఏడుస్తూనే ఉంది. తల్లి చాట పక్కన పెట్టింది. ఏం చేస్తోందో తనకే తెలియనట్టు చెయ్యి చాచి పాపను అందుకుని భుజాన వేసుకుని తట్టింది. పాప వెక్కి ఊరుకుంది. తల్లి తట్టడం మాత్రం ఆపలేదు.

"నా బిడ్డను నన్ను ఎత్తుకోనియ్యలే మేడం" అంది. "పెట్టెలనే ఉంచిండ్రు. పెట్టెలనే తీస్కపోయిండ్రు. మట్టిల పెట్టేటప్పుడు నేను దవాఖానల్నే ఉంటి. ఇంటికొస్తే ఏడ్వద్దన్నరు. ఒక్కపారి గూడ ఎత్తుకోలే."

ఆమె అప్పుడు ఏడ్చింది. నెలల తరబడి ఆపుకున్న ఏడుపు. బొమ్మ మెడలో ముఖం పెట్టి ఏడ్చింది. బాలింతలకు చెప్పవలసిన మాటలు ఒక పుస్తకం నిండా ఇచ్చారు మాకు, అందులో దీనికి మాట లేదు. ఆ పిల్ల వెనక నుంచి ముందుకొచ్చి తల్లి ముఖం చూసింది. తల్లి దాన్ని దగ్గరికి లాక్కుంది.

"బిడ్డా, గిది బొమ్మ. మన చెల్లె కాదు. మన చెల్లె లేదు. శాన చిన్నగ పుట్టింది, తొవ్వలనే పాణం పోయింది. టీచర్ సంపలే."

ఆ పిల్ల బొమ్మ వీపు వైపు చూసింది. తరువాత అడిగింది. "మరి చెల్లెకు సెల్లులు ఎవరు తీసిండ్రు?"

తల్లి నా వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పిన మనిషిని కదా, ఏదైనా చెబుతానని. చివరికి తల్లే చెప్పింది, "ఎవ్వరు తియ్యలే బిడ్డా" అని. ఆ పిల్ల నన్ను చూసింది. తీసిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటే ఎవరూ తీయలేదంటే ఎలా నమ్ముతుంది?

"తప్పయింది బిడ్డా" అన్నాను. అది మళ్ళీ తల్లి వీపు వెనకకు పోయింది. పెద్దవాళ్ళు తప్పయిందంటే పిల్లలు వెంటనే ఊరుకోవాలని మనం అనుకుంటాం.

బొమ్మను అక్కడే ఉంచుతానన్నాను. తల్లి కళ్ళు తుడుచుకుని, "వద్దు మేడం, తీస్కపోండ్రి. అత్తమ్మ చూస్తే లొల్లి జేస్తది" అంది. మళ్ళీ సంచీలో పెట్టుకుని బయటికొచ్చాను. బజారులోకి వచ్చేసరికి సంచీలో పాప ఏడవడం మొదలుపెట్టింది. కూరగాయల దగ్గర ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆటో అతను బ్రేకు వేసి మరీ చూశాడు. ఒక చిన్న మూత తీస్తే చాలు, ఊరుకునేది. చెయ్యి రాలేదు. సంచీని భుజాన వేసుకుని పైనుంచే తడుతూ సెంటరు దాకా నడిచాను. అంత ఒంటరిగా నేను ఆ దారిలో ఎప్పుడూ నడవలేదు, మా ఆయన పోయిన ఏడాది కూడా.

తెల్లారి బీరువాలోని ఆటవస్తువులన్నీ కిందికి దించాను. ఆఫీసరు రావడం లేదని చెప్పినా పిల్లలు నమ్మలేదు. నాలుగు నెలల్లో దిమ్మెల రంగు పోయింది, పూసలు చెల్లాచెదురయ్యాయి, పాపకు ఒక కన్ను మూతపడటం మానేసింది. సూపర్‌వైజర్ మేడం చూసి అదిరిపడింది. "ఏమైంది టీచరమ్మా నీ బీరువకు?" అంది. "పిల్లలు ఆడుకున్నరు మేడం" అన్నాను. ఆ తరువాత కొత్తవాళ్ళనెవరినీ నా దగ్గరికి పంపలేదు.

ఆ పిల్ల తిరిగి వచ్చింది. గుడ్డు మొత్తం తినేది, బరువు కూడా పెరిగింది. పద్యం చెప్పమంటే చెప్పేది, వరుసలో నిలబడమంటే నిలబడేది. బొమ్మను మాత్రం ముట్టుకోలేదు. నా ఒళ్ళోకి రాలేదు. గుండీ ఊడితే ఆయమ్మ దగ్గరికి పోయేది, నిద్రొస్తే ఆయమ్మ కొంగు కింద పడుకునేది. నేను పిలిస్తే వచ్చి, చేతికి అందనంత దూరంలో ఆగి, "ఏంది టీచర్?" అనేది. ఒకసారి ఆయమ్మ, "పోరాదే, టీచరమ్మ పిలుస్తుంది కద" అని నెడితే బిగుసుకుపోయింది. "వద్దులే ఆయమ్మా, దాని ఇష్టం" అన్నాను. తరువాత వంటగదిలోకి వెళ్ళి, ఉల్లిగడ్డలు కోస్తున్నట్టు కాసేపు కూర్చున్నాను. ఆయమ్మకు తెలుసు. తెలిసి కూడా ఇంకో రెండు ఉల్లిగడ్డలు నా ముందు పెట్టింది, ఆమె మంచితనం.

మీలో కొందరు అనుకోవచ్చు, చిన్నపిల్ల, మరచిపోయి ఉంటుందిలే అని. నేనూ అలాగే అనుకుని ఉందామని చూశాను.

రెండేళ్ళకు, నా రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలుందనగా, ఒక టీకాల బుధవారం ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఒళ్ళో నెలన్నర పాప. నిండు నెలలకు పుట్టింది, బొద్దుగా ఉంది. పక్కన ఆ పెద్దపిల్ల, బడి యూనిఫాంలో. బడికి పొమ్మంటే పోలేదట, చెల్లెకు సూదేస్తారు నేనూ వస్తానని మొండికేసిందట. నాకు చాలా సంతోషమైంది. నర్సమ్మ సూది తయారు చేస్తోంది. సూది వేసేటప్పుడు తల్లులు చూడలేరని పాపలను నేనే పట్టుకోవడం మా సెంటరులో అలవాటు. ఎన్ని వందల మంది పాపలను అలా పట్టుకున్నానో లెక్కలేదు. తల్లి కూడా అలవాటుగా పాపను నాకు ఇవ్వబోయింది. నేను చేతులు చాచాను.

"అమ్మా, టీచర్‌కు ఇయ్యకు" అంది ఆ పిల్ల.

గట్టిగా అనలేదు. తల్లి సిగ్గుపడిపోయి, "గట్లంటరానే, తప్పు" అని కసిరి, "ఏమనుకోకుండ్రి మేడం" అంది. నర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు, సూది పట్టుకుని మా ముగ్గురి ముఖాలూ చూసింది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. "నువ్వే పట్టుకో అమ్మా. తొడ కదలకుండ పట్టుకుంటె చాలు" అన్నాను.

తల్లే పట్టుకుంది. సూది పడింది. పాప కెవ్వుమంది. తల్లి భుజాన వేసుకుని తట్టింది. పాప వెక్కుతూ వెక్కుతూ తగ్గించి, చటుక్కున ఏడుపు ఆపేసింది.

ఆ పిల్ల ఒక్క గెంతులో తల్లి దగ్గరికి చేరి, మడమలెత్తి, చెల్లెలి వీపు మీద అరచెయ్యి ఆనించింది. ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంది. ఆడుతోందని తెలిసేదాకా చెయ్యి తీయలేదు. తరువాత తిరిగి నా చేతుల వైపు చూసింది. నేను వాటిని తెరిచి చూపించాను, వాటిలో ఏమీ లేదని.